ముయ్యికి వచ్చిన కాలేజీ పిల్లలు

పోయిన నెల మా ఊరి దోవను వెడల్పు చేయడానికి జేసీబీ వచ్చింది. దీపం పెట్టేలోపల కాస్త దూరం నడిచి రావడం నాకు అలవాటు. ఆ పొద్దు కట్టె ఊతంతో వంక దాకా పోయి నిలబడి చూసినాను. తారు పెచ్చులు లేచినాయి, తారు కింద కంకర లేచింది, కంకర కింద జానెడు మందాన ఎర్రటి గరుసు పొర ఒకటి బయటపడింది. మాది నల్లరేగడి నేల, కంటి చూపు ఆనినంత దూరం నలుపే. ఆ నలుపు నడుమ ఎర్రటి చార చూసి పని చేయిస్తున్న కాంట్రాక్టు ఆయన కూడా ఆగినాడు. "ఈ గరుసు యాడినుంచి వచ్చిందవ్వా? పాతకాలం సర్కారు రోడ్డా?" అని అడిగినాడు. "సర్కారుది కాదప్పా, ముయ్యిది" అన్నాను. ఆయన తలూపినాడు గానీ ఆ మాట ఎప్పుడూ విన్నవాడు కాదని మొహం చూస్తేనే తెలిసిపోయింది. ఇంటికొచ్చి దేవుని ముందర కూర్చుంటే నామం మీద మనసు నిలవలేదు. ఆ గరుసును తొక్కి గట్టిచేసిన కాళ్ళన్నీ కండ్ల ముందరికి వచ్చినాయి. వాళ్ళకు దండం పెట్టుకోవడం కూడా దేవునికి పెట్టినట్లే అనుకుని ఇది రాస్తున్నాను.

ముయ్యి అంటే కూలి లేని పని. నా చేన్లో నువ్వొక పొద్దు కలుపు తీస్తే నీ చేన్లో నేనొక పొద్దు తీస్తాను. పత్తి విడిపించినా, జొన్న కోసినా, ఇంటికి కప్పు వేసినా అంతే. ఎవరూ రాసుకునేది లేదు, ఎవరూ మరిచేది లేదు. తండ్రి తీర్చకుండా పోతే కొడుకు పోయి ఆ పొద్దుపని చేసి వచ్చేవాడు. మా పెద్దనాయన ఈ విషయంలో మరీ పట్టుదల మనిషి. "ఒకని చెమట ఊరికే తీసుకుంటే ఒంటికి పట్టదు" అనేవాడు. మా నాయన నా ఎనిమిదో ఏట పోతే నన్నూ మా చిన్నన్ననూ సాకి పెద్దచేసింది ఆ పెద్దనాయనా పెద్దమ్మానే. ఆయన కొడుకు పెద్దన్న సేద్యం చూసుకునేవాడు. మా చిన్నన్న బళ్ళారిలో హాస్టల్లో ఉండి కాలేజీ చదువుతుండేవాడు.

నాకు బడి లేదు. నాయన బతికుండగా, ఎద్దులకు చొప్ప వేసి కాళ్ళు కడుక్కొని వచ్చి, పడసాలలో ఇసుక పరిచి నా వేలు పట్టి అక్షరాలు దిద్దించినాడు. మా అవ్వకు చూపు తగ్గింది. ఆమెకు దేవుని పుస్తకం చదివి వినిపించే నోరు ఇంట్లో ఒకటి ఉండాలని ఆయన కోరిక. నాయన పోయినాక కూడా ఆ పని ఆగలేదు. ఆముదం దీపం ముందర నేను చదవడం, స్తంభానికి ఆనుకుని అవ్వ ఊ కొట్టడం, వంటింట్లోంచి జొన్నరొట్టె కాలే వాసన. ఆ వాసన వస్తే ఇప్పటికీ నా నోట్లో ఏదో ఒక పద్యం మెదులుతుంది. అదే నోటితో ఇంటికి వచ్చే ఉత్తరాలు కూడా నేనే చదివేదాన్ని. వారానికి రెండుసార్లు టపా ఆయన వచ్చేవాడు. పెద్దనాయన కాళ్ళు కడుక్కొని, వక్కాకు నమలడం ఆపి, కండ్లు మూసుకొని కూర్చుని వినేవాడు. ఉత్తరానికి కూడా అంత మర్యాద. చదవడం అయినాక "పాప చదివిందంటే రాసినోడు వచ్చి ముందర కూర్చున్నట్లే" అనేవాడు. ఆ మాట కోసం నేను ఉత్తరాల దోవ చూసేదాన్ని.

ఇక వదిన సంగతి. పెద్దన్న భార్య పార్వతి వదినకు, కాలేజీ పిల్లలు వచ్చిన దానికి ముందటేడు వానల్లో, తొలికాన్పు నొప్పులు వచ్చినాయి. మా ఊరు కురుగోడు రోడ్డుకు మైలు దూరం లోపల ఉంది, నడుమ వంక ఉంది. వంకకు అటూ ఇటూ ఫర్లాంగు దూరం ఉత్త రేగడి. ఎండలో అది రాయి, వానలో అది జిగురు. ఆ పొద్దు ఆసుపత్రికి బయలుదేరిన బండి ఇరుసు దాకా దిగబడింది. రెండు జతల ఎద్దులు కట్టినా కదల్లేదు. బండిలోనే కాన్పయింది, బిడ్డ దక్కలేదు. వదిన దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. కానీ మబ్బు పట్టినప్పుడల్లా చేసే పని వదిలేసి వాకిట్లోకి వచ్చి వంక దిక్కు చూసేది. ఈ ఏడు మళ్ళా ఆమెకు ఏడో నెల. ఊరందరి దోవ గనక అది ఎవరి దోవా కాదు, ఎవరూ పారెత్తలేదు. ఆషాఢం గాలులు మొదలైనాయి. వెనకాలే వానలు.

అప్పుడు చిన్నన్న ఉత్తరం వచ్చింది. మా దోవ సంగతి వాళ్ళ లెక్చరర్‌తో చెప్పినాడంట. కాలేజీ పిల్లలు నలభైమంది ఒక ఆదివారం వచ్చి వంక దగ్గర గరుసు తోలి శ్రమదానం చేస్తామంటున్నారంట, పెద్దనాయనను అడిగి జవాబు రాయమన్నాడు. చదువుతూ పోతుంటే నా కన్ను ఆ దానం అనే మాట మీద ముందే పడింది. కిందటేడు ఎవరో ఇద్దరు మనుషులు వచ్చి ఊరికి శ్రమదానం చేయిస్తామంటే, "దానం పట్టేకి మేమేమన్నా చెయ్యి చాపినోల్లమా?" అని పెద్దనాయన మజ్జిగ తాపించి పంపించేసినాడు. వాకిట్లో వదిన జొన్నలు చెరుగుతోంది. చాట శబ్దం ఆగింది. ఆమె వింటోంది. నా నోరు నేను చెప్పకుండానే మాట మార్చింది. "కాలేజీ పిల్లలు నలభైమంది ముయ్యికి వస్తారంట" అని చదివినాను.

పెద్దనాయన కండ్లు తెరిచినాడు. "ముయ్యికా? కాలేజోల్లకు ముయ్యి తెలుసునా?"

"చిన్నన్న చెప్పింటాడు."

"అట్లయితే రానీ. మర్యాద తెలిసిన పిల్లోల్లు. మనం తిరిగి యాడికి పోవల్లంట? ఏమి పనంట?"

"అది మళ్ళా రాస్తాడంట" అన్నాను. ఒక అబద్ధం ఎప్పుడూ ఒంటరిగా రాదని ఆ పొద్దు నాకు తెలిసింది.

ఆ మాట ఊరంతా పాకింది. నాకు తెలియకుండానే నేను ఒక పెద్ద పని చేసిపెట్టినాను. దానమంటే ఊరు కట్ట మీద కూర్చుని చూస్తుంది. ముయ్యంటే పని ఎవరిదో వాళ్ళు ముందు వంగాలి, వచ్చినవాళ్ళు వెనక వంగాలి. పెద్దనాయన తలారితో చాటింపు వేయించినాడు. ఇంటికొక మనిషి, ఇరవై బండ్లు, పారలు, గడ్డపారలు, గంపలు. గుట్ట దగ్గర గరుసు రెండు దినాలు ముందే తవ్వి కుప్ప పోయించినాడు. చిన్నన్నకు జవాబు నేనే రాసినాను, రమ్మని. ముయ్యి మాట మాత్రం అందులో రాయలేదు. రాయాలని కార్డు చివర కొంచెం చోటు వదిలి, ఆ చోటు అట్లే ఉంచి డబ్బాలో వేయించినాను. ఆ రాత్రి నుంచి దేవుని పటం ముందర దండం పెట్టుకునేటప్పుడు తలెత్తలేకపోయినాను.

ఆదివారం పొద్దు పొడిచేసరికి పిల్లలు బస్సు దిగి మైలు దూరం పాట పాడుకుంటూ నడిచి వచ్చినారు. ఉగ్గాని కలిపి, మిరపకాయ బజ్జీలు వేసి పెట్టినాము. మధ్యాహ్నానికి రొట్టెలు, పుండికూర, గురెళ్ళ పొడి, మజ్జిగ. రొట్టె తట్టే చేతులు ఆరు జతలు, తినే నోళ్ళు నూరు. తెల్లవారుజామున కూర్చున్నవాళ్ళం లేవలేదు. వదినను వద్దంటే వినకుండా పిండి జల్లిస్తూ కూర్చుంది. మజ్జిగ బిందె తీసుకుని నేను వంక దగ్గరికి పోతే అక్కడ తిరునాళ్ళ మాదిరి ఉంది. బండ్లు వస్తున్నాయి, గరుసు కుమ్మరిస్తున్నాయి, ఒక వరసలో ఊరివాళ్ళు, ఒక వరసలో పిల్లలు గంపలు అందిస్తున్నారు. కండ్లద్దాల పిల్లవాడొకడు పార పట్టుకుని అవస్థ పడుతుంటే, మా పక్కింటి ఈరమ్మ నడుముకు చెయ్యి పెట్టుకుని చూసింది.

"ఏమప్పా, పారను పెన్ను పట్టుకున్నట్ల పట్టుకున్యావే. నేలకు పరీచ్చ రాస్తాండావా?"

"నువ్వే నేర్పించమ్మా అయితే."

"నేర్పిస్తే నాకేమిస్తావు?"

"నీకు సంతకం నేర్పిస్తా."

"నా సంతకం ఎవురికి కావల్ల నాయనా? గంపెత్తు, పొద్దు పోతాంది."

మధ్యాహ్నానికే వాళ్ళ అరచేతులు బొబ్బలెక్కినాయి. అవ్వ వేపనూనె, పసుపు కలిపి పంపించింది. ఒక్క పిల్లవాడూ కూర్చోలేదు. ఊరి మగవాళ్ళు కూర్చోకపోతే వీళ్ళెట్లా కూర్చుంటారు, వీళ్ళు కూర్చోకపోతే వాళ్ళెట్లా కూర్చుంటారు. అదీ ముయ్యి లక్షణం. పొద్దు వాలేసరికి వంకకు అటూ ఇటూ ఎర్రటి దోవ పడింది. నీళ్ళు చల్లి, అందరూ చేతులు పట్టుకుని వరసగా నిలబడి, అటునుంచి ఇటు, ఇటునుంచి అటు తొక్కినారు. కాలేజీ కాళ్ళేవో సేద్యం కాళ్ళేవో తెలియకుండా అన్నీ ఎర్రగా ఉన్నాయి.

అప్పుడు పెద్దనాయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని లెక్చరర్ దగ్గరికి పోయినాడు. ఆయన కన్నడం మనిషి, వయసు ముప్ఫై దాటదు, పొద్దంతా పిల్లలతో సమంగా గంప మోసినాడు. "సరేప్పా, మా మనుషులు నలభైమంది సిద్ధంగా ఉండారు. మీకాడ పనేముండాది? మా ముయ్యి ఎప్పుడు తీర్చుకోవల్ల?" అని అడిగినాడు పెద్దనాయన.

"ముయ్యి యాకె యజమాన్రే?" అని ఆయన నవ్వినాడు. "ఇదు శ్రమదాన. నీవు ఏనూ కొడోదు బేడ." ముయ్యి ఎందుకు, ఇది శ్రమదానం, తిరిగి ఏమీ ఇయ్యక్కరలేదని ఆయన మంచి మనసుతోనే అన్నాడు.

పెద్దనాయన లెక్చరర్ దిక్కు చూడలేదు, చిన్నన్న దిక్కు చూడలేదు. మజ్జిగ బిందె దగ్గర ఉన్న నా దిక్కు చూసినాడు. ఊరంతా ఉంది. దాచడానికి చోటు లేదు, నాకు దాచాలనీ లేదు. "నేనే మార్చి చదివినా పెద్దనాయనా. ఉత్తరంలో దానం అనే ఉండాది" అన్నాను. ఎందుకు మార్చినానో చెప్పలేదు. చెబితే వదిన పేరు నలుగురిలో ఎత్తినట్లవుతుంది. చెప్పకపోయినా ఆయనకు తెలియదని నేననుకోను.

ఆయన కాలివేలితో గరుసు మీద ఒక గీత గీసినాడు. తరువాత లెక్చరర్‌తో అన్నాడు: "ఉత్తరంలో ఏముండాదో నాకు తెలీదప్పా. నేను ఇన్నది ముయ్యి. ఊరికి చెప్పింది ముయ్యి. ఊరు నడుము వంచింది ముయ్యికి. ఇప్పుడు దానమంటే ఈ గరుసంతా ఎత్తి మళ్ళా గుట్టలో పోసి రావల్ల."

లెక్చరర్ తడబడినాడు. పల్లె రైతులతో కాలేజీ పని చేయించుకుంటే పాపం కదా అన్నట్లు ఏదో చెప్పబోయినాడు. పెద్దనాయన అడ్డం వచ్చినాడు. "మీరు ఇస్తే మేము తీసుకోవల్ల, మేము ఇస్తే మీరు తీసుకోరా? ఇది యాడి న్యాయమప్పా?"

చిన్నన్న ముందుకొచ్చి, "హాస్టల్ బావి పూడిపోయిండాది పెద్దనాయనా, మూడేండ్లుగా ఎవురూ దిగల్యా" అన్నాడు. లెక్చరర్ రెండు చేతులూ జోడించి, "ఆయితు. బన్ని" అన్నాడు, సరే రండి అని.

ఆ హాస్టల్ సంగతి ముందే చెప్పేస్తాను. కార్తీకంలో జొన్న విత్తనాలు అయినాక మావాళ్ళు నలభైమంది అయిదు బండ్లలో బళ్ళారి పోయినారు. ఒకరు తగ్గలేదు, ఒకరు పెరగలేదు. వంటకు ఆడవాళ్ళం ఆరుగురం పోయినాము. మగవాళ్ళు బావిలో దిగి పూడిక తీస్తుంటే, పిల్లలు తాడు లాగి గంపలు అందుకున్నారు. చెంబులు, చెప్పులు, ఇంకు బుడ్లు, ఒక పళ్ళెం, ఎవరిదో తాళం చెవి అన్నీ బయటపడినాయి. చెప్పు దొరికినప్పుడల్లా పెద్దనాయన బావిలోంచే "ఇది ఏ పండితునిదప్పా?" అని కేకేసేవాడు. ఊట పడి నీళ్ళు మోకాలెత్తు వచ్చినాక ఆయన మొదటి చెంబు పైకి పంపినాడు. మధ్యాహ్నం చిన్నన్న నన్ను పిలుచుకుపోయి వాళ్ళ తరగతి గది చూపించినాడు. ఆదివారం గనక ఖాళీ. నేను ఒక బెంచీ మీద కూర్చున్నాను. సుద్ద వాసన, కిటికీలో ఎండ. నాకు ఇది లేకపోయిందే అని ఆ నిమిషం అనిపించలేదు. ఇసుకలో నా వేలు పట్టిన నాయన చెయ్యి గుర్తుకొచ్చింది. దీపం దగ్గర నాకు దొరికిందీ ఈ గదిలో వాళ్ళకు దొరికేదీ ఒక్కటే అనిపించింది. లేచి బెంచీకి దండం పెట్టి వచ్చినాను. చిన్నన్న నవ్వినాడు గానీ ఎగతాళి చేయలేదు.

ఇప్పుడు కూడా కాలేజీ పిల్లలు వస్తుంటారు. బ్యానరు కట్టుకుని, టోపీలు పెట్టుకుని, బడి ముందర చెత్త ఊడ్చి, మొక్కలు నాటి, ఫోటోలు తీసుకుని పోతారు. మంచి పిల్లలు, అవ్వా అని వచ్చి కాళ్ళకు మొక్కుతారు. వాళ్ళను నేను ఒక్క మాట అనను. కానీ వాళ్ళు ఊడుస్తుంటే ఊరు గడపల్లో నిలబడి చూస్తుంది. చూసి, బాగుంది అంటుంది. మీ కాలేజీలో ఏమి పనుందప్పా అని ఒక్కరూ అడగరు, అడగాలని వాళ్ళకూ ఉండదు. ఇచ్చేవాడి చెయ్యి పైన, తీసుకునేవాడి చెయ్యి కింద. మా పెద్దనాయన ఆ రెండు చేతులనూ ఒక ఎత్తులో పెట్టాలని పట్టుపట్టినాడు. అక్షరం రాని మనిషి. జేసీబీ ఒక గంటలో చేసే పనికి నూరుమందిమి ఒక పొద్దంతా పడినాము. అయినా ఆ పొద్దును నేను జేసీబీకి మార్చుకోను. దోవలో పల్లాలు పడినప్పుడు కూడా ఆ తరువాత చాలా ఏండ్లు, ఎవరూ పిలవకుండానే మనుషులు గంపలు ఎత్తుకుని పోయేవాళ్ళు. నేను తొక్కిన దోవ అని ప్రతివానికీ ఉండేది.

నాకు మాత్రం ఆ ఆదివారం తరువాత రెండు నెలలు గడ్డుగా గడిచినాయి. పెద్దనాయన తిట్టలేదు, కొట్టలేదు. అన్నం పెడితే తిన్నాడు, నీళ్ళిస్తే తాగినాడు. కానీ తరువాతి వారం ఉత్తరం వస్తే, టపా ఆయనకే ఇచ్చి "నువ్వే చదువప్పా" అన్నాడు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. ఆ టపా ఆయన అక్షరాలను రాళ్ళు ఎత్తేసినట్లు చదివేవాడు. వదిన నా చెయ్యి పట్టుకుని, "నా కోసమే గదా పాపా. మామకు నేను చెప్తా" అంది. "వద్దు వదినా, నువ్వు చెప్పినా అది నేను చేసిందే" అన్నాను. అవ్వ మాత్రం పుస్తకం చదివించుకోవడం ఆపలేదు. ఒకరోజు చదవడం అయినాక నా తల నిమిరి, "అక్షరం దేవుడు పాపా. దేవుని నోట్లో మన మాట పెట్టకూడదు. మంచికే అయినా" అంది. నేను ఏడ్చినాను. ఆ మాట చెప్పే మనిషి ఇంట్లో ఉండడం ఎంత భాగ్యమో అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలుస్తోంది.

భాద్రపదంలో వానలు పట్టుకున్నాయి. నాలుగో దినం పొద్దున వదినకు నొప్పులు మొదలైనాయి. రోడ్డు దాకా పోయి బస్సులో బళ్ళారి ఆసుపత్రికి తీసుకుపోవాలని పెద్దన్న బండి కట్టినాడు. పెద్దమ్మ, అవ్వ వదినతో పోయినారు. ఇల్లు చూసుకోవడానికి నేనూ పెద్దనాయనా మిగిలినాము. బండి ఊరు దాటేదాకా చక్రాలు బురదలో చప్పుడు లేకుండా పోయినాయి. వాకిట్లో వానలో తడుస్తూ మేమిద్దరం నిలబడినాము. ఆయన ఒక పక్క, నేనొక పక్క. బండి వంక దగ్గరికి ఎప్పుడు చేరుతుందా అని నా మనసు లెక్కపెడుతూనే ఉంది. అప్పుడు వినిపించింది, చక్రం పట్టా గరుసు మీద గరగరమనే శబ్దం. ఆగకుండా పోయింది. దిగింది, ఎక్కింది, చిన్నదయింది, వానలో కలిసిపోయింది. పెద్దనాయన తలగుడ్డతో మొహం తుడుచుకుని ఎద్దుల కొట్టంలోకి పోయినాడు, అక్కడ ఎద్దులు లేకపోయినా.

మూడో దినం టపా ఆయన తడుస్తూ వచ్చినాడు. కార్డు. నేను వంటింట్లో పొయ్యి ముందర ఉన్నాను. టపా ఆయన "బళ్ళారి నుంచి వచ్చిండాది రెడ్డీ, ఉండు, చదువుతా" అనడం వినిపించింది. అడుగుల చప్పుడు వచ్చింది. పెద్దనాయన వంటింటి గడప దగ్గరికి వచ్చి, కార్డును పంచె కొంగుతో తుడిచి, నా ముందర పట్టినాడు.

"చదువు పాపా" అన్నాడు. అని, అక్కడే గడప మీద కూర్చుని కండ్లు మూసుకున్నాడు.

నేను చేతులు తుడుచుకుని తీసుకున్నాను. పైన అచ్చు వేసిన అక్షరాల దగ్గర్నుంచి మొదలుపెట్టినాను. ఊరి పేరు చదివినాను, తాలూకా పేరు చదివినాను, "క్షేమం" చదివినాను. చిన్నన్న ఒక మాట కొట్టివేసి మళ్ళా రాసి ఉంటే కొట్టివేసిన మాట కూడా చదివినాను. ఆడబిడ్డ అని ఉంది, ఆడబిడ్డ అని చదివినాను. తల్లీ బిడ్డా బాగున్నారని ఉంది, అదీ చదివినాను. చివర సంతకం కూడా చదివి ఆగినాను.

ఆయన కండ్లు తెరవలేదు. రెప్పల కింది నుంచి నీళ్ళు మీసాల్లోకి దిగుతున్నాయి.

"ఇంగోసారి చదువు" అన్నాడు.